పార్కింగ్ వాళ్లది, టాయిలెట్ వాళ్లది, పులిహోర మనది

ఈ పోస్టు యూకేలో ఉన్న మన తెలుగువాళ్ల కోసం. చదివాక కొందరికి నామీద కోపం రావచ్చు. రానివ్వండి.

బ్యాంక్ హాలిడే వస్తోందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో హడావుడి మొదలవుతుంది. లేక్ డిస్ట్రిక్టో, పీక్ డిస్ట్రిక్టో, యార్క్‌షైర్ డేల్సో. మూడు నాలుగు కార్లు, గిన్నెడు పులిహోర, పెరుగన్నం, జంతికలు. ఇందులో తప్పేం లేదు, పులిహోర అంటే నేనూ ముందుంటాను. నా గొడవంతా ఆ కార్లు ఎక్కడ ఆపుతున్నారన్నదే. దారిలో ఓ పాతకాలం రాతి పబ్ కనబడుతుంది, ముందు విశాలమైన జాగా ఉంటుంది. ఇంకేం, అక్కడే ఆపేస్తారు. పిల్లల్ని ఒకళ్ల తర్వాత ఒకళ్లని లోపలి టాయిలెట్‌కి తోలతారు. పబ్ బోర్డు కింద నిలబడి గ్రూప్ ఫొటో దిగుతారు. డిక్కీ తెరిచి పేపర్ ప్లేట్లు పంచుతారు. ఆ పబ్‌లో మాత్రం ఒక్క పౌండు ఖర్చు పెట్టరు. 'కస్టమర్లకు మాత్రమే' అని రాసుంటే, "చూశారా, మనమంటే వీళ్లకి పడదు" అని పైగా మనమే నిష్ఠూరాలాడతాం.

మొన్న ఆగస్టులో యార్క్‌షైర్ డేల్స్‌లోని టాన్ హిల్ పబ్ దగ్గర సరిగ్గా ఇదే జరిగింది, మా బృందమే. అది ఎలాంటి చోటో చెప్తాను. సముద్రమట్టానికి 1,732 అడుగుల ఎత్తు. బ్రిటన్‌లో ఇంతకంటే ఎత్తున పబ్ లేదు. 17వ శతాబ్దం నుంచీ ఉంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల బొగ్గు తవ్వేవాళ్లు, ఆ కూలీలే దీనికి గిరాకీ. ఆఖరి గని 1929లో మూతపడింది. కార్మికుల ఇళ్లు కూడా పోయాయి, పబ్ ఒక్కటే నిలిచింది. ఇప్పుడక్కడ కనుచూపు మేరా బీడు, ఆగని గాలి, నల్లమొహం స్వేల్‌డేల్ గొర్రెలు. 2021 నవంబరులో ఆర్వెన్ తుఫాను వచ్చి దారులన్నీ మంచులో కూరుకుపోతే, ఆ సాయంత్రం వచ్చిన అరవై మంది మూడు రాత్రులు లోపలే ఉండిపోయారు. ఒయాసిస్ అనే రాక్ బ్యాండు పాటలు పాడడానికి వచ్చిన నోయాసిస్ అనే బ్యాండు కూడా ఇరుక్కుంది. నేలమీద పరుపులు వేసి, క్విజ్‌లు, కరోకేలు పెట్టి సిబ్బందే అందర్నీ చూసుకున్నారు. అలాంటి గడప ముందు మనం టాయిలెట్ వాడుకుని చక్కా వచ్చేస్తున్నామన్నమాట!

"లోపలికి వెళ్దాం రండి" అంటే మావాళ్లలో ఒకాయన, "పిల్లల్తో పబ్‌కేంటండీ, లోపల తాగుబోతులుంటారు" అన్నారు. ఆయన కళ్ల ముందున్నది జూబ్లీహిల్స్. గేటు దగ్గర బౌన్సర్లు, చెవులు చిల్లులు పడే డీజే. బతిమాలి తీసుకెళ్లాను. తలకి తగులుతాయేమో అనిపించే దూలాలు, అరిగిపోయిన రాతిపలకల నేల. ఆగస్టు నెలలో కూడా ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు మండుతున్నాయి. ఓ మామ్మగారు మనవరాలి ప్లేట్లోంచి చిప్స్ కాజేస్తున్నారు. పక్క బల్ల కింద తడిసిన కుక్క ఒకటి ఒళ్లు మరిచి నిద్రపోతోంది. ఇద్దరు నడకవాళ్లు బురద బూట్లు విప్పేసి, మ్యాప్ పరుచుకుని, ఏ దారిన వెళ్లాలా అని వాదించుకుంటున్నారు. పెన్నైన్ వే కాలిబాట ఆ గుమ్మం ముందు నుంచే పోతుంది మరి. తాగుబోతు అని చెప్పుకోదగ్గవాడు ఒక్కడూ కనబడలేదు. ఆ తాగుబోతుల మాటన్న పెద్దమనిషి కొంచెం నిరాశపడ్డట్టే అనిపించింది.

అసలు మనవాళ్లు లోపలికి వెళ్లకపోవడానికి సగం కారణం మొహమాటం. కూర్చుని వెయిటర్ కోసం ఎదురుచూస్తారు, ఎవరూ రారు, అవమానమనుకుని లేచొచ్చేస్తారు. అక్కడి పద్ధతే అంత. ఇలాంటి చోట్ల చాలావరకు మనమే బార్ దగ్గరికి వెళ్లి చెప్పి, డబ్బు కట్టి రావాలి. లైను కనబడదు గానీ ఎవరి తర్వాత ఎవరన్నది నిలబడ్డ అందరికీ తెలుసు, మధ్యలో దూరారో అయిపోయారే. బీరు చల్లగా లేదని గొడవపడకండి. అక్కడ పోసే కాస్క్ ఏల్ అనే బీరు పీపాలో ఇంకా పులుస్తూనే ఉంటుంది. సెల్లార్‌లో 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచి హ్యాండ్ పంప్‌తో లాగి పోస్తారు, ఐసులా చేస్తే దాని రుచే పోతుంది. తాగనివాళ్లు, కారు నడిపేవాళ్లు లైమ్ సోడా అడగండి. ఎవరూ వింతగా చూడరు, ఆ చుట్టూ సగం మంది డ్రైవర్లే. తిండి విషయంలో మాత్రం అబద్ధం చెప్పను. శాకాహారులకి సూపో, చిప్సో, అదృష్టం బాగుంటే పిండిలో పుట్టగొడుగులు పెట్టి కాల్చిన 'పై'. ఉప్పుంటుంది, కారం ఉండదు. కర్రీ నైట్ అని బోర్డు కనబడితే ఆ రోజు ఆ చాయలకే పోకండి.

ఇవేవీ ప్రభుత్వం నడిపే రెస్ట్ హౌసులు కావు. మన కార్లు నిండుగా ఉన్నంత మాత్రాన వాళ్ల గల్లాపెట్టె నిండదు. కంబ్రియాలో హెస్కెట్ న్యూమార్కెట్ అని చిన్న ఊరుంది. అక్కడి ఓల్డ్ క్రౌన్ పబ్ పరాయి చేతుల్లోకి పోయే పరిస్థితి వస్తే, 2003లో ఊరివాళ్లు తలా కొంత వేసుకుని, సహకార సంఘం పెట్టి తామే కొనేశారు. సొంత డబ్బు పెట్టి మరీ నిలుపుకున్నారంటే అది వాళ్లకి ఎంత ముఖ్యమో చూడండి. మనల్ని ఎవరూ వాటాలు కొనమనడం లేదు. నాలుగు కార్ల జనం తలా ఒక కాఫీ తాగితే, వచ్చేటప్పుడు పోయించిన పెట్రోలులో సగం కూడా కాదు.

కారు అక్కడే పెట్టి కొండెక్కాలనుకుంటే నేరుగా బార్ దగ్గరికి వెళ్లి, "నడకకి వెళ్లొస్తాం, వచ్చాక ఇక్కడే తింటాం, కారు ఉంచొచ్చా?" అని అడగండి. నేను అడిగిన చోటల్లా సరేనన్నారు. ఒకచోట ఏ గేటు దగ్గర బురద ఎక్కువో కూడా చెప్పి పంపారు.