మబ్బుతో పాటు వరదా మాయం

గుణుపురం దగ్గర వంశధార పొంగి పొలాల్లో పడ్డప్పుడల్లా అధికారులకు వచ్చే చిక్కు ఒక్కటే: పైన మబ్బు. వానాకాలంలో మబ్బు పట్టడం ఎంత అన్యాయం! పంటనష్టం చూద్దామంటే ఉపగ్రహచిత్రం నిండా తెలుపే. అయితే దిగులు లేదు, మబ్బును తుడిచే సాఫ్ట్‌వేర్ ఉంది. మబ్బు ముక్కను కత్తిరించి, అక్కడ మబ్బులేని మరో రోజు ముక్కను అతికిస్తుంది. మరీ శ్రద్ధ గలవారు నెలల తరబడి వచ్చిన చిత్రాలన్నీ పేర్చి, ప్రతి పది మీటర్ల గడికీ (పిక్సెల్‌కు) మధ్యగతం, అంటే విలువలన్నీ వరుసగా పేరిస్తే నట్టనడుమ పడేది, తీస్తారు. అంటే ఎన్నికే: ఎక్కువ రోజులు కనిపించిందే గెలుస్తుంది. మూడు రోజుల వరదకు అందులో డిపాజిట్ దక్కదు. అసలు ఆ మూడు రోజులూ మబ్బే కనుక నామినేషనే చెల్లదు.

ఒక కార్యాలయంలో ముసలి రైతుకు తెర చూపిస్తున్నారు.

"చూడండి తాతగారూ, మీ పొలం ఎంత పొడిగా ఉందో."

"ఆ రోజు నడుంలోతు నీళ్లు బాబూ."

"ఇందులో చుక్క లేదు కదా."

"ఇది ఏ రోజు బొమ్మ?"

"ఒక రోజుది కాదండీ. ఇటు సగం ఏప్రిల్, అటు సగం జులై."

పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు. "ఒకే మడిలోనా? మరి నేను ఏ నెలలో నాట్లు వేశాను?"

కుర్రవాడు ఆలోచించి, జులై వైపు వేలు చూపించాడు. పక్కనే కొండవాలు మీద పెద్ద చెరువు! అది చెరువు కాదు, తుడవడం మరిచిన మబ్బునీడ. నీడా నీరూ చిత్రంలో ఒకేలా నల్లగా ఉంటాయి. ఆ కొండ దరఖాస్తు పెట్టుకుంటే పరిహారం వచ్చేదేమో.

మబ్బు కింద ఏముందో ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. కెమెరా చూడనిదాన్ని అది ఎక్కడి నుంచి తెస్తుంది? అడవులనో, రోడ్లనో గుర్తించడానికి ఆ పద్ధతి భేషైనది. వరదకు కావలసింది రాడార్. దాని తరంగాలు మబ్బును దాటి నేలను తాకుతాయి, చీకట్లోనూ పనిచేస్తాయి. యూరప్ వారి రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 చిత్రాలు 2014 నుంచి ఉచితం. మన ఇస్రో కూడా రాడార్ ఉపగ్రహం ఈఓఎస్-04ను 2022 ఫిబ్రవరిలోనే పైకి పంపింది. ఇన్ని ఉండగా ఏప్రిల్ ఎండను తెచ్చి వరద మీద కప్పి, 'నష్టం లేదు' అని ముద్ర కొట్టడాన్ని పొరపాటు అనమంటారా? అనను. అప్పు తెచ్చి నాట్లు వేసినవాడి నోటికాడి కూడు లాక్కోవడం అది. రాడార్ చూడడం రాకపోతే మనిషిని పంపండి. గట్టు మీద ఒండ్రు ఎంత ఎత్తున ఎండిందో టేపుతో కొలవండి. అదీ కాదంటే, తిరస్కరించిన కాగితం మీద సంతకం పక్కన ఆ పిక్సెల్ ఏ నెలదో రాసి ఇవ్వండి.