విరేచనాల ‘శుద్ధి’ మెసేజీకి ఒక రొయ్యల ల్యాబువాడి జవాబు

ధవళేశ్వరం దగ్గర గోదావరి వరదకి పెట్టిన రెండో ప్రమాద హెచ్చరిక ఎత్తేశారో లేదో, మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి తిరగడం మొదలైంది. నాలుగు చోట్ల నుంచి నాకే వచ్చింది. ఆఖరికి మా బావగారు కూడా ‘చూడవయ్యా, ఎంత బాగా రాశాడో’ అని పంపారు. అందులో ఉన్నదిది: విరేచనాలు పట్టుకోవడం ఒంటికి మంచిదే, పేగుల్లో పేరుకున్న చెడ్డ బ్యాక్టీరియా కొట్టుకుపోతుంది. రెండు రోజులు కడుపు మాడ్చండి, నీళ్లు కూడా తగ్గించండి. అప్పటికీ తగ్గకపోతే మందుల షాపులో యాంటీబయాటిక్ తెచ్చి వేసుకోండి, మిగిలిందంతా చచ్చి పేగులు పసిపిల్లాడి పేగుల్లా అవుతాయి. ఆ తర్వాత తరవాణో (పులిసిన గంజినీళ్లు) ప్రోబయోటిక్ క్యాప్సూలో పడితే మూడు రోజుల్లో మంచి బ్యాక్టీరియా నిండిపోతుంది.

నేను డాక్టర్ని కాదు. మైక్రోబయాలజీ చదువుకుని, భీమవరం పక్కన రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేస్తూ, ప్లేట్ల మీద విబ్రియో అనే బ్యాక్టీరియా కాలనీలు పసుపువెన్ని, ఆకుపచ్చవెన్ని అని లెక్కపెట్టుకుంటూ బతుకుతున్నవాణ్ణి. అయినా ఈ మెసేజి చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

కొట్టుకుపోతుంది సరే, ఏది? మన పెద్దపేగులో కాపురముండే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగానికి ఆక్సిజన్ గిట్టదు. మనం తిన్న పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం తయారుచేస్తాయి. పేగుగోడ కణాలకు అదే తిండి. ఆ తిండిని అరాయించుకోడానికి కణాలు దగ్గరున్న ఆక్సిజన్‌ని వాడేసుకుంటాయి గనక పేగు లోపలికి అది చేరదు. బయటినుంచి వచ్చిన రోగక్రిమికి అక్కడ చోటూ ఉండదు, తిండీ దొరకదు. ఈ కట్టుదిట్టాన్ని సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఎలా బద్దలుకొడుతుందో 2010లో కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీ వాళ్లు ఎలుకల్లో చూపించారు. అది ముందు పేగుకి వాపు తెప్పిస్తుంది. ఆ వాపులో టెట్రాథయొనేట్ అనే రసాయనం పుడుతుంది. దాంతో సాల్మొనెల్లా ఊపిరి తీసుకోగలదు, పులియబెట్టుకుని బతికే మన కాపురస్తులకు ఆ విద్య రాదు. అంటే కడుపులో రేగిన మంట వచ్చినవాడికే లాభం, ఉన్నవాళ్లకి నష్టం. కలరా తెచ్చే విబ్రియో అయితే పక్క బ్యాక్టీరియాని సూదిలాంటి పరికరంతో పొడిచి మరీ చంపుతుంది. దాని విషంవల్ల బయటికొచ్చే నీళ్ల విరేచనాలు కోట్లకొద్దీ క్రిముల్ని మోసుకెళ్లి కాలువలో కలుపుతాయి. శుద్ధి మాట దేవుడెరుగు, అది దాని ప్రయాణ సాధనం.

పసిపిల్లాడి పేగు అన్న మాట మాత్రం రాసినాయనకి తెలియకుండానే కొంత నిజమైంది. ఢాకాలో కలరా రోగుల్ని పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనంలో తేలిందేమిటంటే, జబ్బు తగ్గాక పేగు బ్యాక్టీరియా తిరిగొచ్చే వరస, అక్కడి పసిపిల్లల పేగుల్లో మొదటిసారి బ్యాక్టీరియా కుదురుకునే వరసలాగే ఉంది. కొత్త పేగు రాలేదండి, ఇల్లు కూలితే పునాది దగ్గర్నుంచి మళ్లీ కట్టుకోవాల్సొచ్చింది.

నీళ్లు తగ్గించమన్న సలహా అన్నిటికన్నా ప్రమాదం. ఈ మెసేజిలో మనిషి ప్రాణం తీయగలిగింది ఇదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరంలో సెలైన్ అయిపోవస్తుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ములకెత్తి తాగించారు. చావులు బాగా పడిపోయాయి. కలరాలో కూడా గ్లూకోజు, ఉప్పులోని సోడియం జతగా పేగుగోడ లోపలికి వెళ్లే దారి మూసుకుపోదు. ఓఆర్‌ఎస్ కిటుకంతా అదే. తిండి మానక్కర్లేదు, చంటిపిల్లలకి తల్లిపాలు అసలే ఆపకూడదు.

ఇక యాంటీబయాటిక్. చెరువులో శానిటైజర్ కొట్టాక ముందు లేచేది ఎవరో మన రైతులకి నేను చెప్పక్కర్లేదు, విబ్రియోయే. ఖాళీ అయిన చోట్లో తొందరగా పెరిగేవాడిదే రాజ్యం. షికాగోలో బోన్‌హాఫ్, మిల్లర్ అనే ఇద్దరు 1950ల్లోనే ఎలుకలకి స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ పట్టి చూశారు. మామూలు ఎలుకకి సాల్మొనెల్లా అంటాలంటే లక్ష దాకా క్రిములు కావాల్సొస్తే, మందు పడిన ఎలుకకి పదిలోపే సరిపోయాయి. పిల్లల విరేచనాల్లో చాలావాటికి కారణం రోటా లాంటి వైరస్‌లు, వాటిమీద ఈ బిళ్ళలు పనే చేయవు. రక్తం పడినా, గట్టి జ్వరమున్నా, కలరా అనుమానమున్నా మందు అవసరం పడొచ్చు. అది డాక్టరు తేల్చాల్సిన సంగతి, షాపు కుర్రాడిది కాదు.

తరవాణి అంటే నాకూ ఇష్టమే, ఎండాకాలం మా అమ్మ కుండ నాకు తెలుసు. కానీ అందులోని పులుపు బ్యాక్టీరియా దారినపోయే చుట్టాలు, పెద్దపేగులో కాపురం పెట్టేవి కావు. బెల్లం కలిపి ప్రోబయోటిక్ పులియబెట్టి చెరువులో చల్లే రైతుని ప్రతి వారం ఎందుకండీ అంటే ‘నిలబడదు కదండీ’ అంటాడు. విరేచనాలు పట్టిన పిల్లలకి లాక్టోబాసిల్లస్ అనే ప్రోబయోటిక్ ఇచ్చి అమెరికా, కెనడాల్లో చేసిన రెండు పెద్ద పరీక్షల్లో ఫలితమేమీ కనబడలేదని 2018లో ప్రకటించారు. అదే ఏడాది ఇజ్రాయెల్లో యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఇంకా ఆలస్యమైంది. పైగా వరద రోజుల్లో కాచని నీళ్లతో పెట్టిన తరవాణి కొత్త తగులాటం.

ఇదంతా టైపు చేస్తుంటే బావగారు ఫోన్ చేశారు. మనవడికి పొద్దుటినుంచి మూడుసార్లయ్యాయిట. ‘ఆ ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు గ్లాసులో కలపాలా, లీటరులోనా?’ పెద్ద ప్యాకెట్టయితే లీటరులో అండి, కాచి చల్లార్చిన నీళ్లు. ప్యాకెట్టు మొత్తం ఒకేసారి వేసేయండి, అంచనాగా సగం సగం వద్దు. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. రేపు ఈపాటికి మిగిలింది పారబోసి కొత్తది కలపండి. ఆశా కార్యకర్త దగ్గర జింకు బిళ్ళలు కూడా అడగండి. పిల్లాడు మగతగా ఉన్నా, తాగలేకపోయినా, ఉచ్చ పోయడం తగ్గినా ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి, నాకు మెసేజి పెట్టి జవాబు కోసం చూస్తూ కూచోవద్దు.