ఇనుప గార్డు బిగించుకోమన్న సందేశానికి జవాబు

"పాత కార్లు ఇనుము, కొత్తవి రేకు డబ్బాలు. వేలితో నొక్కితే సొట్ట, బంపరు ప్లాస్టిక్కు, గుద్దితే ముందు భాగం నుజ్జు. కాబట్టి ముందొక ఇనుప గార్డు బిగించుకోండి." ఈ సందేశం ఈ నెలలో నాకు రావడం నాలుగోసారి. తాజాగా పంపినవారు ఇంజనీరింగ్ చదివిన మా బావగారు కావడంతో ఇక ఊరుకోలేకపోయాను.

వేలికి తగిలేది సుమారు 0.7 మిల్లీమీటర్ల పైరేకు, అంటే తొడుగు. తలుపు లోపలి అడ్డకమ్మీ గాని, సుమారు 900 డిగ్రీలకు కాల్చి అచ్చులోనే చల్లార్చిన బోరాన్ ఉక్కు (బోరాన్ కలిపిన అతి గట్టి ఉక్కు) స్తంభం, అంటే కప్పును మోసేది, గాని వేలికి అందవు. బంపరు ప్లాస్టిక్కే, దాని వెనక దూలం ఉంటుంది.

ముందు భాగం నుజ్జు కావడం లోపం కాదు, ఉద్దేశం. మెర్సిడెస్ ఇంజనీరు బేలా బరేనీ ఈ ఆలోచనకు 1952లోనే పేటెంటు పొందారు. ముందు భాగం నలగడం వల్ల కారు ఆగే దూరం 20 సెంటీమీటర్ల నుంచి 60కి పెరిగితే లోపలివారిపై పడే సగటు బలం మూడో వంతుకు తగ్గుతుంది. 2009లో అమెరికాలో 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను అదే కంపెనీ 2009 మాలిబు కారుతో ఢీకొట్టించినప్పుడు, కూలిపోయినది ఆ "ఇనుప" కారు క్యాబినే.

అసలు ప్రమాదం చివరి సలహాలో ఉంది. టింకరింగ్ షెడ్డులో బంపరు విప్పిన కారును చూడండి: దూలం వెనక అటొకటి ఇటొకటి చిన్న ఉక్కు పెట్టెలు, నలగడానికే పుట్టినవి, కనిపిస్తాయి. గార్డును ఛాసిస్‌కు బోల్టు చేస్తే దెబ్బ వాటిని దాటుకుని నేరుగా లోపలికి పోతుంది. ఎయిర్‌బ్యాగు ఎప్పుడు విచ్చుకోవాలో తేల్చే సెన్సారు లెక్క గార్డు లేని కారుకు కట్టినది కనుక అదీ తప్పవచ్చు. బానెట్టు కింద కాస్త ఖాళీ వదిలి, బంపరును మెత్తగా ఉంచేది రోడ్డు దాటుతున్న పిల్లవాడి కోసం. అక్కడ మనం అతని తల ఎత్తున ఇనుప గొట్టం నిలబెడుతున్నాం. ఈ గార్డులపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలను కోరింది. వాట్సాప్ కంటే మంత్రిత్వ శాఖకు ఎక్కువ తెలుసా ఏమిటి!

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. కంపెనీల మీద అనుమానం పూర్తిగా నిరాధారం కాదు. 2014లో కార్లను గుద్దించి భద్రతకు నక్షత్రాలిచ్చే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ మన దేశంలో అమ్ముతున్న అయిదు చిన్న కార్లను పరీక్షిస్తే అయిదింటికీ వచ్చినవి సున్నా నక్షత్రాలే. కొన్నింటి చట్రమే నిలవలేదు. కానీ చట్రం లోపానికి గార్డును మందుగా చెప్పడం మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడమే. కొనేముందు చూడడానికి 2023 అక్టోబరు నుంచి అలాంటి మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ రేటింగు ఉంది. బావగారి కారుకు మాత్రం గార్డు ఇప్పటికే ఉంది. ఆదివారం స్పానరు తీసుకుని వస్తానని చెప్పాను.