పగిలిన అద్దాల బీరువా

తల్లి క్యాన్సర్‌తో మంచాన పడగా అమ్మమ్మ ఇంటికి చేరిన 13 ఏళ్ల కుర్రాడు, ఆమె ఎంతో మురిపెంగా అమర్చుకున్న ముందుగదిని ఒకనాడు సర్వనాశనం చేస్తాడు. పాతకాలపు గడియారం సహా దాదాపు ఏదీ మిగలదు. ఇంటికొచ్చిన అమ్మమ్మ అతణ్ని కొట్టదు, తిట్టదు. గొంతులోంచి తన్నుకొచ్చిన మూలుగుతో, గదిలో ఇంకా నిలబడి ఉన్న ఒకే ఒక్క అద్దాల బీరువాను తన చేతులతోనే పడదోస్తుంది. పోతున్నది ఆమె కన్నకూతురు మరి.

పాట్రిక్ నెస్ నవల ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’ (2011)లోని ఘట్టమిది. ఈ కథ ఊహ షివాన్ డౌడ్ అనే రచయిత్రిది. 2007లో ఆమె రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూయగా, ఆమె విడిచివెళ్లిన పాత్రలనూ ప్రారంభాన్నీ అందుకొని నెస్ దాన్ని నవలగా మలిచారు. 2012లో బ్రిటన్ బాలసాహిత్య పురస్కారాలైన కార్నెగీ పతకం రచనకు, కేట్ గ్రీనవే పతకం జిమ్ కే బొమ్మలకు దక్కాయి. అంతకంటే మాకు ముఖ్యమనిపించింది చివర్లో ఆ కుర్రాడు బయటపెట్టే నిజం: అమ్మ బతకాలని కోరుకుంటూనే, ఈ ఎదురుచూపు భరించలేక, ఎలాగోలా ముగిసిపోతే చాలని లోలోపల అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తనకు శిక్ష పడాలనే బడిలో తోటివాళ్ల దెబ్బలు మౌనంగా తిన్నాడు.

మన ఇళ్లలో తండ్రి చితికి నిప్పు పెట్టిన పిల్లాడు వినే మాట, ‘ఇక ఇంటికి పెద్దదిక్కువి నువ్వే, నువ్వే ఏడిస్తే అమ్మనెవరు చూసుకుంటారు’ అని. పెద్దకర్మ కాగానే హాస్టలుకు పంపేస్తాం. రెండు నెలలకు ఎదురు తిరుగుతున్నాడని కబురొస్తే, ‘తండ్రి భయం లేక చెడిపోయాడు’ అని తేల్చేస్తాం. ఇంతకంటే క్రూరమైన తీర్పు లేదని మేము భావిస్తున్నాం. నాన్న లేడన్న బాధ ఆ వయసులో కన్నీరుగా కాక కోపంగా బయటికొస్తే, దాన్ని పోల్చుకోలేని తప్పు పెద్దలది.

చిన్నపిల్లలకు చందమామ కథలున్నాయి, పెద్దలకు నవలలున్నాయి. మధ్యనున్న ఈ వయసువారికి, చావునూ కోపాన్నీ దాచకుండా వారి గొంతుతోనే చెప్పే తెలుగు నవలలు బహు తక్కువ. నీతి లేనిదే పిల్లల పుస్తకం కాదన్న పట్టుదలను ప్రచురణకర్తలు విడిచిపెట్టాలి. అనువాదాలతోనైనా మొదలుపెట్టాలి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్న ప్రజలకు, తమ ఊరి గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాల పక్కన ఇటువంటి నవలలకు ఒక అర కేటాయించమని అడిగే హక్కుంది. ఆ అర ముందు నిలబడిన పిల్లను గానీ పిల్లాణ్ని గానీ ‘ఈ వయసులో చావు పుస్తకాలెందుకు’ అని ఎవరూ వెనక్కి పంపకూడదు.