సెకండ్‌హ్యాండ్ ఒమాఫీట్స్ దొరవారికి విన్నపం

మహారాజశ్రీ ఒమాఫీట్స్ (డచ్చివాళ్ళ ‘అమ్మమ్మ సైకిల్’) వారి సముఖమునకు, నెదర్లాండ్స్‌లో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్ళం నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మా పిక్కలు తప్ప ఇక్కడ అంతా క్షేమం.

నల్ల రంగు, ఒకటే గేరు, ఇరవై కిలోలకు అటూ ఇటూ బరువు. తమరి వయసెంతో అమ్మినవాడికీ తెలియదు. ఈ దేశంలో మనుషులు కోటీ ఎనభై లక్షలైతే సైకిళ్ళు రెండు కోట్ల పైమాటే. మెజారిటీ తమరిదే కాబట్టి, వీసా ఆఫీసు తర్వాత దండం పెట్టాల్సింది తమరికేనని గ్రహించాం.

మొదట బ్రేకు సంగతి. హ్యాండిల్ మీద వెతికితే బెల్లు ఒక్కటే దొరికింది. పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతారట. వానలోనూ పట్టు తప్పదు, కేబుల్ తెగే బెడద లేదు, సంతోషం. కానీ మన ఊళ్ళో పల్లం రాగానే పెడల్ వెనక్కి తిప్పుతూ కిరకిరలాడించడం మాకు చిన్ననాటి సరదా. అదే సరదా తమరి దగ్గర చూపిస్తే వెనక చక్రం ఠక్కున బిగుసుకుంటుంది, వెనకాల వచ్చే పెద్దావిడ డచ్‌లో అక్షింతలు వేస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగాక పెడల్‌ని వెనక్కి తిప్పి పైకి తెచ్చుకోవడమూ కుదరదు. రెండు పెడళ్ళూ నేలకు సమానంగా ఉన్నప్పుడే బ్రేకు వేసి ఆగితే ముందున్న కాలు బయల్దేరడానికి సిద్ధంగా ఉంటుంది. మరిచిపోయామా, సీటు పట్టుకుని వెనక చక్రం లేపి పెడల్ ముందుకు తిప్పుకోవాలి. చైన్ ఊడితే మాత్రం బ్రేకు కూడా దానితోనే పోతుంది, మిగిలేది చెప్పులే. అందుకే ముందు చక్రానికి చేతి బ్రేకున్న తమరి తమ్ముణ్ణి కొనుక్కోమని మావాళ్ళకు చెబుతున్నాం. కోపగించుకోవద్దు.

ఇక తమరి నగలు. వెనక చక్రానికి కమ్మీ తాళం ఒకటి. తెరిచి ఉన్నంతసేపు దాని చెవి బయటికి రాదు, కాబట్టి పోగొట్టుకునే భయం లేదు. కానీ అది ఒక్కటే వేసి వదిలేస్తే ఇద్దరు మనుషులు తమరిని ఎత్తి వ్యానులో పడేస్తారు. లావుపాటి గొలుసు ముందు చక్రంలోంచి, ఫ్రేములోంచి దూరి, నేలలో పాతిన కమ్మీకి చుట్టుకోవాలి. తమరి ధరలో మూడోవంతైనా తాళానికి పెట్టాలని మా లెక్క. మెరిసే కొత్త సైకిలు కొని పల్చటి తాళం వేసేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. రాత్రిపూట కాలవ గట్టున ఎవడో పది, పదిహేను యూరోలకు తమరి బంధువుని అంటగడతానంటే అది దొంగ సొత్తే, తెలిసి కొంటే నేరం కొన్నవాడిది కూడా. ఫ్రేము నంబరు పోలీసుల వెబ్‌సైటులో కొట్టి చూడటం ఉచితం.

పంక్చర్ దగ్గరికొస్తే మాత్రం తమరి మీద ప్రేమ పుడుతుంది. తమరి వాల్వు, మన ఊరి అట్లాస్, హీరో సైకిళ్ళ వాల్వు ఒకటే జాతి. కానీ గాలి దిగిందని ప్రతిసారీ ట్యూబుని అనుమానించడం అన్యాయం. పాత వాల్వు పుల్ల మీది సన్నటి రబ్బరు గొట్టం కుళ్ళినా గాలి మెల్లగా పోతుంది. కాస్త ఉమ్మి పూస్తే బుడగలు చెబుతాయి. రబ్బరు లేని పుల్ల కొని మారిస్తే ఆ పీడ పోతుంది.

నిజంగా పంక్చరే అయితే వెనక చక్రం ఊడదీయకూడదు. చైన్ కేసు, బ్రేకు చెయ్యి, తాళం అన్నీ అక్కడే కాపురం. బ్రేకు చెయ్యిని ఫ్రేముకి బిగించే క్లిప్పు తిరిగి పెట్టడం మరిస్తే బ్రేకు పట్టదు. తమరిని తలకిందులు చేసి, టైరుని ఒక పక్కే లివర్లతో తప్పించి, ట్యూబుని అవసరమైనంత బయటికి లాగితే చాలు. గాలి కొట్టి, బకెట్టు నీళ్ళలో ముంచి కన్నం గుర్తుపెట్టాలి. తడి తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, మెరుపు పోయేదాకా ఆగాలి. అందరూ చెడగొట్టేది ఇక్కడే: సొల్యూషన్ ఆరకముందే ప్యాచ్ అంటించేస్తారు, అది మర్నాటికి జారిపోతుంది. తర్వాత టైరు లోపల వేలితో నెమ్మదిగా తడిమి గాజుముక్క తీసెయ్యాలి. లేకపోతే రాత్రికి మళ్ళీ అదే పని.

రోడ్డు మీద మర్యాదలు కూడా తమరే నేర్పుతున్నారు. రోడ్డు మీద గీసిన తెల్ల త్రికోణాల మొనలు మన వైపు చూస్తుంటే దారివ్వాలి, గుర్తులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిదే హక్కు. చీకట్లో ముందు తెల్ల లైటు, వెనక ఎర్రది. మిణుకుమిణుకుమనేవి చెల్లవు. కోటు మీద తగిలించుకోవచ్చు గానీ తలకో చేతికో కట్టుకోకూడదు. 2019 జూలై 1 నుంచి తొక్కుతూ ఫోన్ చేత్తో పట్టుకున్నా జరిమానాయే.

రైల్లో తమరికి వేరే టికెట్, అదీ ఆఫీసు రద్దీ లేని వేళల్లోనే. మడతపెట్టే మీ చిన్న బంధువు మాత్రం ఉచితంగా ఎక్కేస్తుంది. ఉట్రెక్ట్ స్టేషన్ కింద తమరికోసం 12,500 స్థలాలతో సత్రం కట్టారు, మొదటి 24 గంటలు ఉచితం. ఏ అంతస్తు, ఏ వరస అన్నది ఫొటో తీసుకోకపోతే తమరిని వెతకడానికే ఆ గడువు సరిపోతుంది.

ఇక్కడి ఎదురుగాలి గురించి ఫిర్యాదు చేద్దామనుకున్నాం. కానీ ఓస్టర్‌స్కెల్డ సముద్రపు అడ్డుకట్ట మీద, ఒంటిగేరు సైకిళ్ళతో, ఎదురుగాలిలో 8.5 కిలోమీటర్ల జాతీయ పోటీ పెట్టుకునే జనానికి ఏం చెప్పుకుంటాం?

ఇట్లు,
తమ విధేయులు

తా.క.: కొట్లో ‘28 టైరు’ అని అడిగితే రెండు రకాలు చూపిస్తున్నారు. 37-622 ఒకటి, మన పాత సైకిళ్ళ కొలతైన 40-635 మరొకటి. గీత తర్వాతి అంకె రిమ్ము కొలత. చిన్నది పెద్ద రిమ్ముకి ఎక్కదు, పెద్దది చిన్న రిమ్ము మీద వదులై ఊడుతుంది. తమరి టైరు పక్కనున్న ఆ నంబరు మీద బురద కప్పకుండా ఉంచగలరని ప్రార్థన.