పన్నెండు కప్పుల కాఫీ మేకర్ గారికి, రెండు మగ్గుల ఇంటి నుంచి

మహారాజశ్రీ పన్నెండు కప్పుల కాఫీ మేకర్ గారి దివ్యసముఖానికి,

ఇద్దరే ఉన్న ఒక ఇంటివారు రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి. మా పాత కాఫీ మేకర్ ఈమధ్యే కాలం చేసింది. ఆ ఖాళీ భర్తీ చేద్దామని వెతకడం మొదలుపెట్టామో లేదో, ఏ కొట్టులో చూసినా, ఏ యాప్ తెరిచినా ముందు వరసలో తమరే కొలువుదీరి ఉన్నారు. స్టీలు మెరుపు, నీలం లైటు గడియారం, వరసగా బటన్లు, ఒళ్ళో అంత లావు గాజు జగ్గు. తమరి వైభవం చూసి మాకేం కళ్ళు కుట్టలేదు. ఇంటికి తెచ్చుకునే ముందు కొన్ని సంగతులు తేల్చుకుంటే ఇద్దరికీ మంచిదని ఈ ఉత్తరం.

ముందు ఆ పన్నెండు సంగతి చూద్దాం. డబ్బా మీద, ఒంటి మీద, జగ్గు మీద కూడా పన్నెండని రాయించుకున్నారు. అవి ఎవరింటి కప్పులు స్వామీ? మా ఇంట్లో మగ్గు నిండాలంటే 300 మిల్లీలీటర్లు పట్టాలి. తమరి లెక్కలో కప్పంటే సుమారు 150. తమరి దాయాదుల్లో కొందరు దాన్ని ఇంకా నొక్కి 120కి తెచ్చారు. అంటే అక్కడ పన్నెండుగా బయల్దేరింది మా వంటింట్లోకి వచ్చేసరికి ఆరు. పోనీ ఆరైనా నిండుగా వస్తాయా? పక్కనున్న నీటిమట్టం కిటికీలో 4 అన్న గీత దాకా నీళ్ళు పోశామనుకోండి, 600 మిల్లీలీటర్లు. కాఫీ తెలిసినవాళ్ళు లీటరుకి 55 గ్రాముల పొడి వెయ్యమంటారు కాబట్టి 33 గ్రాములు వేస్తాం. ఆ పొడి తన బరువుకి ఇంచుమించు రెండింతల నీళ్ళు తాగేసి, ఉబ్బి కూర్చుంటుంది. కిందికి దిగేది 530 పైచిలుకు. నాలుగు కప్పులని నమ్మి పోసిన నీళ్ళకి ఇద్దరి మగ్గులు కూడా నిండవన్నమాట. రెండో మగ్గు దగ్గరికి వచ్చేసరికి జగ్గు వంచాలి, ఇంకా వంచాలి, ఆఖరి చుక్కల కోసం తలకిందులు చెయ్యాలి. ఆ హడావిడిలో జగ్గు మూతి నుంచి ఓ సన్నటి ధార బయటివైపు జారి, గాజు వెంబడి దిగి, బల్ల మీద గుండ్రటి మరక వేస్తుంది. అదీ కప్పుల లెక్కలోదేనేమో తమరే చెప్పాలి.

సరే, నాలుగో గీత దాకా వాడుకోండి, మిగతాది ఖాళీగా ఉంటే పోయేదేముంది అంటారు తమరి అభిమానులు. కాఫీయే పోతుంది. పొడి వేసే తమరి బుట్టని పన్నెండు కప్పులకి కొలిచి చేశారు. ఇద్దరికి సరిపడా పొడి అందులో వేస్తే పెద్ద సినిమా హాల్లో ఇద్దరు ప్రేక్షకులు కూర్చున్నట్టు ఉంటుంది. పల్చగా పరుచుకున్న ఆ పొడిని పలకరించకుండానే నీళ్ళు దిగిపోతాయి. సారం రావాలంటే నీళ్ళు 92 నుంచి 96 డిగ్రీల వేడితో పొడి దగ్గర కాసేపు నిలబడాలి. ఇంత తక్కువ నీళ్ళు పోస్తే తమరి గొట్టాలు, బుట్ట సరిగ్గా కాగేలోపే పని అయిపోతుంది. జగ్గులో మిగిలేది పుల్లటి రంగు నీళ్ళు.

ఈ సంగతి తమరికి తెలియదనుకోవడానికి మేం అంత అమాయకులం కాదు. తెలుసు కాబట్టే తమరి వంశంలో ఖరీదైనవాళ్ళకి ‘1–4 కప్పులు’ అని ఓ బటన్ పెట్టారు. అది నొక్కితే నీళ్ళు ఆగి ఆగి పడతాయి. లోపాన్ని కప్పిపుచ్చే బటన్‌ని పట్టుకుని ప్రత్యేక సౌకర్యంగా డబ్బా మీద అచ్చేయించిన ధైర్యానికి జోహార్లు.

ఇక కిందనున్న ఆ వేడి పలక. ఎక్కువ కాచుకుని వేడిగా ఉంచుకోండి, కావలసినప్పుడు తాగండి అని తమరి సలహా. అరగంట ఆ పలక మీద కూర్చున్న కాఫీని ఎప్పుడైనా వాసన చూశారా? పరిమళం గాలికి పోతుంది, కాఫీలోని క్లోరోజెనిక్ ఆమ్లాలు విడిపోయి చేదు మిగులుతుంది. జగ్గు అడుగున చుట్టూ గోధుమ రంగు జిగురు అంటుకుంటుంది. అది వదిలించాలంటే చెయ్యి లోపలికి పోదు, బ్రష్ మూలకి అందదు. ఐరోపా యూనియన్‌లో 2015 నుంచి దీనికో రూలు ఉంది. తమలాగా పొడి మీద వేడినీళ్ళు చుక్కలుగా వదిలే డ్రిప్ మేకర్లలో మామూలు గాజు జగ్గువి కాఫీ అయ్యాక 40 నిమిషాల్లో వాటంతటవే ఆరిపోవాలి. థర్మోస్ జగ్గు వాటికి గడువు 5 నిమిషాలే. అది కరెంటు ఆదా కోసం పెట్టిన రూలే, కానీ దాని చలవ వల్ల కొంత కాఫీ కూడా బతికిపోయింది.

‘ఇంటికి నలుగురొస్తే?’ అన్నది తమరి తరఫు సేల్స్‌మన్ల బ్రహ్మాస్త్రం. ఎప్పుడో వచ్చే ఆ నలుగురి కోసం మేం రోజూ రెండు పూటలా రంగు నీళ్ళు తాగాలా? వస్తే విడతలవారీగా పెడతాం. తమ విడత దాకా ఆగలేనివాళ్ళకి మంచినీళ్ళిస్తాం. అప్పటికీ ఆగలేనివాళ్ళు మళ్ళీ రారు, అదీ మాకు లాభమే.

గడియారం గురించి కూడా ఒక ముక్క. రాత్రి టైమ్ పెట్టి పడుకుంటే పొద్దున్న లేచేసరికి కాఫీ రెడీ అంటారు. మధ్యలో ఓ క్షణం కరెంటు పోయిందంటే మీలో చాలామంది అంతా మరిచిపోయి 12:00 అని మిణుకుమిణుకుమంటూ నిలబడతారు. ఆ అంకె మీద తమరికి అంత మమకారం దేనికో!

తమరి మీద పగబట్టి ఇదంతా రాస్తున్నామనుకోకండి. మిగతా అభ్యర్థులు కూడా ఏమీ తక్కువవాళ్ళు కాదు. ఎస్ప్రెసో దొరలు 15 బార్ల ఒత్తిడి, 20 బార్ల ఒత్తిడి అని మీసం మెలేస్తూ వచ్చారు. ఎస్ప్రెసోకి పొడి దగ్గర కావలసిన ఒత్తిడి 9 బార్లు. మిగతాది పంపు బడాయి. పొయ్యి మీద పెట్టే 1933 నాటి ఇటలీ మోకా పాట్ బుద్ధిమంతురాలే, కానీ సగం మాత్రమే చెయ్యమంటే కుదరదంటుంది. పొడి బుట్ట నిండా వెయ్యాల్సిందే. పైగా ఆవిడ ‘మూడు కప్పులు’ తమరి ఒక్క కప్పు. క్యాప్సూల్ మెషీన్‌కి ఒక్కరికి కాచే తెలివైతే ఉంది గానీ, దాన్ని ఇంట్లో పెట్టుకుంటే దానికి పట్టే గుళికలు అమ్మేవాళ్ళ చెయ్యి దాటలేం, ప్రతి కప్పుకీ చెత్తబుట్టలో ఓ శవం. నీళ్ళలో నానిన పొడిని జల్లెడతో కిందికి నొక్కే ఫ్రెంచ్ ప్రెస్ మాకు నిజంగానే నచ్చింది. అయితే దానిలో వడపోత కాగితం ఉండదు కాబట్టి కెఫెస్టాల్ అనే కొవ్వు పదార్థం నేరుగా కప్పులోకి వస్తుంది, రోజూ గట్టిగా తాగేవాళ్ళకి చెడు కొలెస్ట్రాల్ పెంచుతుంది. మా ఇద్దరిలో ఒకరి రిపోర్టులు ఇప్పటికే అంతంత మాత్రం.

తమరు తెలుసుకోవలసినవాళ్ళు ఇద్దరున్నారు. జర్మనీలో మెలిట్టా బెంట్జ్ అనే ఇల్లాలు, కప్పు అడుగున మడ్డి తాగలేక కొడుకు నోటు పుస్తకంలోంచి అద్దుడు కాగితం చింపి, అడుగున చిల్లులు పొడిచిన ఇత్తడి గిన్నెలో వేసి కాఫీ వడగట్టింది. 1908లో దానికి పేటెంట్ పుచ్చుకుంది. గాల్లోకి విసిరే ఏరోబీ రింగు కనిపెట్టిన అమెరికా ఇంజనీరు అలాన్ ఆడ్లర్, ఒక్క కప్పే కావాలంటే ఏం చెయ్యాలి అన్న మాట దగ్గర పట్టుకుని, 2005లో చేత్తో నొక్కి కాఫీ దింపే ఏరోప్రెస్ గొట్టాన్ని బజార్లోకి తెచ్చాడు. ఒక్క కప్పు గురించి ఎవరో ఒకరు మనసు పెట్టి ఆలోచించగలరని దీంతో తేలింది. తమరి కంపెనీల్లో ఆ పని ఎవరికి అప్పజెప్పారో తెలిస్తే ఆయనకీ ఓ ఉత్తరం రాస్తాం.

చివరికి మేం తీసుకున్నది ఓ పొట్టి డ్రిప్ మేకర్ని, థర్మోస్ జగ్గుతో. ఎంపికకి పెద్ద పరీక్షలేం పెట్టలేదు. కప్పులు కాకుండా మిల్లీలీటర్లలో ఎంత కాఫీ దిగుతుందో అడిగాం. 650 అంది, చాలు. మూత పైకెత్తినప్పుడు పై అరకి తగులుతుందా అని టేపు పెట్టి కొలిచాం. తమరైతే నీళ్ళు పోసిన ప్రతిసారీ ముందుకి లాగాలి, వెనక్కి తొయ్యాలి. నీళ్ళ గార పడితే నిమ్మ ఉప్పు నీళ్ళు ఓసారి తిప్పితే సరిపోతుందా అని అడిగాం, సరే అంది. దానికీ లోపాలున్నాయి. థర్మోస్ జగ్గు కాబట్టి లోపల ఎంత మిగిలిందో కనపడదు, ఎత్తి బరువు చూడాలి. ముందు వేడినీళ్ళతో తొలవకపోతే కాఫీ తొందరగా చల్లారుతుంది. గడియారం లేదు. దాని గురించి ఎవరూ ఏడవలేదు.

అలాగని తమరికి భూమ్మీద చోటు లేదని మేం అనం. 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ లాబొరేటరీలో తమరి జాతివాడు ఒకడు పనిచేసేవాడు. వేరే అంతస్తుల నుంచి మెట్ల మీదుగా వచ్చినవాళ్ళకి ఖాళీ జగ్గు ఎదురయ్యేది. విసుగెత్తి జగ్గుకి ఎదురుగా కెమెరా పెట్టి, అందులో కాఫీ ఉందో లేదో కుర్చీలోంచే చూసుకున్నారు. 1993లో ఆ బొమ్మ ఇంటర్నెట్‌కెక్కింది, ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌క్యామ్‌గా పేరు పడింది. 2001 దాకా నడిచింది. తమరి హోదాకి అలాంటి కొలువులే సరి. మా ఇంట్లో కెమెరా అవసరం కూడా రాదు, జగ్గు ఖాళీ చేసిందెవరో రెండోవాళ్ళకి తెలుసు.

కాబట్టి తమరి దరఖాస్తుని సవినయంగా తిరస్కరిస్తున్నాం. ఏదైనా ఆఫీసులో ప్రయత్నిస్తామంటే సిఫార్సు ఉత్తరం ఇప్పుడే రాసిస్తాం: ‘కాఫీ రుచి గురించి ఎవరూ పట్టించుకోని మీటింగుల్లో 1.8 లీటర్ల దాకా నమ్మకంగా పనిచేయగలరు.’

ఇట్లు,
రెండు మగ్గులవారు