పరీక్షలో పాసైన మందు మన చేలో వానపాముకి క్షేమమేనా?

పురుగుమందు మట్టిలోని జీవులకు ఎంత హాని చేస్తుందో అంచనా వేయడానికి ప్రపంచమంతా ఎక్కువగా ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ అనే దేశాల కూటమి) పరీక్షల మీదే ఆధారపడుతోంది. 1984 నాటి మొదటి పరీక్షలో వానపాములను మందు కలిపిన మట్టిలో 14 రోజులు ఉంచి, ఎన్ని చచ్చాయో చూసేవారు. చావకపోయినా పిల్లలు పెట్టడం మానేస్తే కొన్నేళ్లకు ఆ చేలో వానపామే ఉండదు. అందుకే 2004లో 56 రోజుల పరీక్ష వచ్చింది. అందులో పిల్లల్ని కూడా లెక్కపెడతారు. మంచి మార్పే, కానీ అసలు చిక్కు అలాగే ఉంది.

పరీక్షకు వాడేది ఐసీనియా జాతి. మన వర్మీకంపోస్టు తొట్లలో పెంచే ఎర్ర వానపాము అదే. పేడలో, కుళ్లిన చెత్తలో బతుకుతుంది, దున్నే నేలలో దాదాపు కనబడదు. పొలాల్లో ఉండే కొన్ని జాతుల కన్నా అది మందుల్ని ఎక్కువగా తట్టుకుంటుందని అధ్యయనాల్లో తేలింది. మన చేలలో ఉండే లాంపిటో మారిటీ లాంటి జాతుల మీద పరీక్షలు జరిగినా అవి తప్పనిసరి కొలమానం కాలేదు.

వాడే మట్టీ అంతే. ఇసుక, కయోలిన్ బంకమన్ను, మామూలుగా 10 శాతం పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లి పేరుకున్న మొక్కల పదార్థం) కలిపి తయారు చేస్తారు. పీట్ కొన్ని మందుల్ని గట్టిగా పట్టేసుకుంటుంది, దాంతో వానపాముకి తగిలేది తగ్గుతుంది. ఇది తెలుసు కాబట్టే ఐరోపాలో కొవ్వులో కరిగే మందుల విషయంలో, పరీక్షలో తేలిన మోతాదు పరిమితిని సగానికి తగ్గించి లెక్కిస్తారు. మన మెట్ట నేలల్లో చాలాచోట్ల సేంద్రియ కర్బనం అర శాతం కూడా ఉండదు. అలాంటి ఎర్ర చెల్కలో ఆ మందు ఎలా పనిచేస్తుందో పీట్ మట్టి ఎలా చెబుతుంది? అమెరికా పద్ధతి ఇంకా బలహీనం. అక్కడ నేల మీది, నేలలోని పురుగులన్నిటికీ ప్రతినిధి తేనెటీగే. 2021లో పురుగుమందుల మీద దాదాపు 400 అధ్యయనాలను పరిశీలించిన ఒక సమీక్షలో, కొలిచిన అంశాల్లో 70 శాతానికి పైగా వాటిలో మట్టి జీవులకు చెడే జరిగినట్టు తేలింది.

పత్తి చేనునే తీసుకోండి. విత్తనం చాలావరకు ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పూతతోనే వస్తుంది. మొక్క పీల్చుకునేది అందులో కొంతే, మిగతాదంతా మట్టిలోకే పోతుంది. ఆ పైన రసం పీల్చే పురుగుకి ఒకటి, గులాబీ రంగు పురుగుకి ఇంకొకటి కొడతారు, చాలాసార్లు రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపేస్తారు. అనుమతి పరీక్ష మాత్రం ఒక్కో మందుకి విడిగానే. పురుగు పట్టిన రైతును మందు మానమని అనలేం. మందును పాస్ చేసేవాళ్లను మాత్రం మన మట్టిలో, మన వానపాముతో, కలిపి కొట్టే మందులతోనే పరీక్షించమని గట్టిగా అడగాలి.

అనుమతి ఇచ్చాక చేలో ఏం జరిగిందో చూసే ఏర్పాటూ కావాలి. 2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, ఉదజని సూచిక వగైరా. వాటిలో జీవుల లెక్క లేదు, మందుల అవశేషాల లెక్కా లేదు. అవశేషాలకు ల్యాబ్ కావాలి, నిజమే. వానపాముల లెక్కకు అక్కర్లేదు. వానలు పడ్డాక జానెడు లోతు గుంట తవ్వి, మట్టి చిదిపి ఎన్ని ఉన్నాయో రాసుకుంటే చాలు. వ్యవసాయ విస్తరణాధికారి మట్టి నమూనా తీసే రోజే ఆ పనీ చేయించవచ్చు.